కాలేజీ హాకీ స్కోరు వెనక నాలుగు కుర్చీలు: మీరు ఎందులో కూర్చోవాలి?

మొన్న ఆగస్టులో ఒక జూనియర్ మెసేజ్ పెట్టాడు: "అక్కా, లైబ్రరీ జాబ్స్ అయిపోయాయి. డైనింగ్ హాల్లో వెయిటింగ్ లిస్ట్ అంటున్నారు. అథ్లెటిక్స్ వాళ్ల దగ్గర హాకీ స్టాట్ క్రూ అని ఒక పోస్టింగ్ కనబడింది. నాకు హాకీలో ధన్‌రాజ్ పిళ్లై తప్ప ఎవరూ తెలీదు. అప్లై చెయ్యనా?"

చెయ్యమన్నాను. రెండు నిమిషాలకి ఇంకో మెసేజ్: "అదే డిపార్ట్‌మెంట్‌లో కమ్యూనికేషన్స్ అసిస్టెంట్ అని ఇంకోటి ఉంది. స్టూడెంట్ పేపర్ వాళ్లు కూడా రాసేవాళ్లు కావాలంటున్నారు. ఏది బెటర్?" దానికి మెసేజ్‌లో జవాబు కుదరదని ఫోన్ చేశాను. ఆ రోజు గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను.

అమెరికాలో కాలేజీ హాకీ అంటే మంచు మీద ఆడేది. పురుషుల డివిజన్ 1లో, అంటే అన్నిటికంటే పై స్థాయిలో, అరవైకి పైగా జట్లు, ఆరు కాన్ఫరెన్సులు (తమలో తాము పోటీపడే జట్ల గుంపులు) ఉన్నాయి. వీటిలో ఏ కాన్ఫరెన్సులోనూ చేరకుండా విడిగా ఆడేవి కొన్ని. మహిళల జట్లు, డివిజన్ 3 జట్లు వేరే. మనవాళ్లు ఎమ్మెస్‌కి వెళ్లే చాలా యూనివర్సిటీలకి జట్లున్నాయి: అరిజోనా స్టేట్, నార్త్‌ఈస్టర్న్, ఆర్ఐటీ, యూమాస్ లోవెల్, క్లార్క్‌సన్, మిషిగన్ టెక్, లిండెన్‌వుడ్, ఒమాహా. రెండేళ్లు చదివి, తమ కాలేజీకి హాకీ జట్టుందన్న సంగతే తెలియకుండా డిగ్రీ పట్టుకుని వెళ్లిపోయినవాళ్లు నాకు బోలెడంతమంది తెలుసు.

సీజన్ అక్టోబరులో మొదలవుతుంది. మామూలుగా శుక్రవారం ఒక మ్యాచ్, శనివారం అదే జట్టుతో ఇంకో మ్యాచ్. ఒక జట్టు రెగ్యులర్ సీజన్లో గరిష్ఠంగా 34 మ్యాచ్‌లు ఆడొచ్చు, ఐవీ లీగ్ కాలేజీలైతే 29. వాటిలో సుమారు సగం సొంతూళ్లో. అంటే ఈ పనుల్లో ఏది తీసుకున్నా చలికాలంలో చాలా శుక్ర, శనివారాలు పోయినట్టే. వీకెండ్ అంటే పాట్‌లక్, క్రికెట్, మూవీ నైట్ అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

ఒక మ్యాచ్ స్కోరు మీ ఫోన్లో కనబడేలోపు చాలా చేతులు మారుతుంది. రింకులో, అంటే మంచు మైదానం పక్కన, కూర్చుని ప్రతి షాట్ నమోదు చేసేవాళ్లు, దాన్ని సరిచూసి బయటికి పంపే ఆఫీసు, దాన్నొక కథగా రాసే పేపరు, దేశమంతటి నుంచి ఫలితాలు పోగుచేసి ఒక్క చోట పెట్టేవాళ్లు. నాలుగూ ఒకే స్కోరు చుట్టూ తిరిగే పనులే, కానీ ఒకదానికి పనికొచ్చే మనిషి ఇంకోదానికి పనికిరాడు. నేను మొదటి రెండూ చేశాను, మూడోది కొద్దిగా, నాలుగోది మా రూమ్మేట్ చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను.

స్టాట్ క్రూ: చలిలో, గాజు పక్కన

సంక్రాంతి టోర్నమెంట్లో షామియానా కింద కూర్చుని స్కోరు పుస్తకం రాసే కుర్రాడు గుర్తున్నాడా? బంతి బ్యాటుకి తగిలిందా, ప్యాడుకి తగిలిందా అని పక్కవాడు గొడవపడుతుంటే, పట్టించుకోకుండా అంపైర్ చెయ్యి చూసి లెగ్ బై రాసుకునేవాడు. స్టాట్ క్రూలో కావాల్సింది అచ్చంగా ఆ కుర్రాడే.

క్రూలో మామూలుగా నలుగురైదుగురు ఉంటారు. ఒకరు ల్యాప్‌టాప్ దగ్గర, ఒకరు పైకి చదివి చెప్పడానికి, ఒకరు షాట్లూ ఫేసాఫ్‌లూ (ఇద్దరి మధ్య పక్ అనే రబ్బరు బిళ్ల వదిలి ఆట మొదలెట్టడం), ఒక్కో జట్టుకి ఒకరు చొప్పున మంచు మీద ఎవరెవరున్నారో రాసుకోవడానికి. నాకు మొదట ఇచ్చింది ఈ చివరిదే. వినడానికి తేలిక. ఒక జట్టు నుంచి ఆరుగురే కదా మంచు మీద ఉండేది, నంబర్లు రాసుకోవడమే కదా అనుకున్నాను. ఆట మొదలయ్యాక అర్థమైంది, గోల్‌కీపర్ తప్ప మిగతా ఐదుగురూ నిమిషం కూడా నిలవరు. ఆట ఆగకుండానే ముప్పావు నిమిషానికోసారి గోడ దూకి లోపలికొకరు, బయటికొకరు. మొదటి గోల్ పడింది. అందరితో పాటు నేనూ పక్ వంకే చూస్తున్నాను. పక్కనున్న పెద్దాయన, ఇరవై ఏళ్లుగా అదే కుర్చీలో కూర్చుంటున్నాయన, తల తిప్పకుండానే అడిగాడు: "ఎవరెవరున్నారు?" నా కాగితం తెల్లగా ఉంది. ఆయన తన కాగితం నా వైపు జరిపి ఒక్కటే చెప్పాడు: గోల్ ఎవరు కొట్టారో చూడ్డానికి మూడువేల మంది ఉన్నారు, నువ్వు మిగతా ఐదుగురిని చూడు.

ఆ నంబర్లు ఎందుకంటే ప్లస్-మైనస్ కోసం. రెండు జట్లకీ మంచు మీద సమానంగా మనుషులున్నప్పుడు గోల్ పడితే, కొట్టిన జట్టులో మంచు మీదున్న ఆటగాళ్లందరికీ ప్లస్ ఒకటి, తిన్న జట్టువాళ్లకి మైనస్ ఒకటి. పవర్ ప్లేలో, అంటే అవతలివాడు పెనాల్టీ బాక్సులో కూర్చుని ఉన్నప్పుడు కొడితే ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు. ఆ తేడా తెలియనివాళ్లు క్రూలో ఉంటే నెలాఖరుకి ఆటగాళ్ల లెక్కలన్నీ తారుమారు.

ఇంకో చిక్కు టైము. రింకులో గడియారం ఒక్కో పీరియడ్‌కి, అంటే ఆటలో మూడో వంతుకి, 20:00 నుంచి వెనక్కి నడుస్తుంది. స్కోరు షీటులో రాయాల్సింది మాత్రం ఎంత టైము గడిచిందో. బోర్డు మీద 7:42 కనబడితే షీటులో 12:18 రాయాలి. కాగితం మీద చిన్న తీసివేత. గోల్ పడగానే హారన్ మోగుతూ, బ్యాండు వాయిస్తూ, పక్కవాడు మూడు నంబర్లు అరుస్తూ ఉన్నప్పుడు చేసి చూడండి. మొదటి నెల నేను అరచేతిలో పెన్నుతో రాసుకుని చేసేదాన్ని. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చాలా వరకు చూసుకుంటుంది కానీ, పెనాల్టీ ఎప్పుడు ముగుస్తుందో, గోల్ పవర్ ప్లేలో పడిందా, ముగిసిన సెకనుకి పడిందా తేల్చాలంటే మనిషికి ఈ లెక్క నోటికి రావాల్సిందే.

షాట్ల దగ్గర గొడవలు ఎక్కువ. గోల్ పోస్టుకి తగిలి బయటికి పోయిన పక్‌ని షాట్ ఆన్ గోల్ అనరు. చూసేవాడికి అది అన్నిటికంటే ప్రమాదకరమైన షాటు, లెక్కలో సున్నా. గోలీ ఆపింది గోల్లోకే వెళ్తోందా, పక్కకి పోతోందా అన్నది చూసేవాడి కంటిని బట్టి ఉంటుంది. అందుకే ఒక్కో రింకులో షాట్ల లెక్క ఒక్కో రకంగా ఉంటుందని ఈ ఆట తెలిసినవాళ్లు గొణుక్కుంటూ ఉంటారు, అందులో నిజం లేకపోలేదు. (గోలీ అంటే మన గోలీలాటలోది కాదు, గోల్‌కీపర్. ఇంటికి ఫోన్ చేసి "గోలీలు లెక్కపెడుతున్నాను" అంటే మా నాన్న చాలాసేపు నవ్వారు.)

పని గంటలు ఇలా ఉంటాయి. మ్యాచ్‌కి గంట ముందు వెళ్లాలి. మ్యాచ్ రెండు విరామాలతో కలిపి రెండుంపావు, రెండున్నర గంటలు. తర్వాత ఇంకో అరగంట. వెరసి ఒక రాత్రికి నాలుగు గంటలు. వీకెండ్‌కి ఎనిమిది. జట్టు బయటి ఊరు వెళ్తే ఆ వారం పనే లేదు, డబ్బూ లేదు. అద్దె దీని మీద ఆధారపడేవాళ్లకి ఇది చాలదు. చదువు బరువుగా ఉన్న సెమిస్టర్లో మాత్రం ఇంతకంటే మంచిది దొరకదు. వారం మధ్యలో మిమ్మల్నెవరూ కదిలించరు, ఆదివారం నుంచి గురువారం దాకా ఫోన్ మోగదు.

స్కోరు సమమై ఓవర్‌టైమ్, అంటే అదనపు ఆట, వస్తే? రెగ్యులర్ సీజన్లో భయం లేదు, ముగ్గురేసి చొప్పున ఐదు నిమిషాలు, మహా అయితే ఆ తర్వాత ఒక్కొక్కరే వెళ్లి గోలీతో తలపడే షూటౌట్, అంతే. ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు, వస్తే మాత్రం ఎవరో ఒకరు గోల్ కొట్టేదాకా ఇరవయ్యేసి నిమిషాల పీరియడ్లు నడుస్తూనే ఉంటాయి. 2015 మార్చిలో నోటర్‌డామ్‌లో యూమాస్ గెలిచిన మ్యాచ్ ఐదో ఓవర్‌టైమ్‌లోకి వెళ్లింది. మొత్తం ఆట 151 నిమిషాల 42 సెకన్లు, కాలేజీ హాకీలో అంత పొడుగు మ్యాచ్ అంతకు ముందు లేదు. ఆటగాళ్లకైనా మధ్యలో బెంచీ ఉంటుంది. స్టాట్ క్రూకి సబ్‌స్టిట్యూట్లు లేరు, ఆ రాత్రి వాళ్లు ఎన్ని కాఫీలు తాగారోనని నేను చాలాసార్లు అనుకున్నాను.

కమ్యూనికేషన్స్ ఆఫీసు: అందరూ అడిగే చోటు

ఒకప్పుడు దీన్ని స్పోర్ట్స్ ఇన్ఫర్మేషన్ ఆఫీసు అనేవారు, పాతవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు. 1990లలో మ్యాచ్ అవ్వగానే ఇక్కడి నుంచే బాక్స్ స్కోరు, అంటే మ్యాచ్ అంకెల పట్టిక, ఫ్యాక్స్‌లో వెళ్లేది, అవతలి ఊరి పేపర్లకి ఫోన్లో ఒక్కో అంకె చదివి చెప్పేవారు. ఇప్పుడు స్టాట్‌బ్రాడ్‌కాస్ట్ లాంటి సర్వీసుల్లో అంకెలు ఎవరూ అడక్కుండానే లైవ్‌గా పోతున్నాయి. పని తగ్గిందా అంటే లేదు, మారింది. పోయిన అంకెలు సరైనవేనా అని చూసే పని పెరిగింది.

స్టాట్ క్రూ పని మ్యాచ్‌తో అయిపోతుంది, ఆఫీసు పని మ్యాచ్‌తో మొదలవుతుంది. మంగళ, బుధవారాల్లో గేమ్ నోట్స్ తయారు చెయ్యాలి: ఎవరికి ఎన్ని మ్యాచ్‌లుగా వరసగా పాయింట్ (గోల్ కొట్టినా, గోల్‌కి పక్ అందించినా ఒకటి) వస్తోంది, ఈ అవతలి జట్టుతో గత పదేళ్లలో ఏం జరిగింది. మ్యాచ్ రాత్రి రీక్యాప్, అంటే మ్యాచ్ కథనం, రాయాలి, అది కూడా హారన్ మోగిన ఇరవై నిమిషాల్లో వెబ్‌సైట్ మీద ఉండాలి. మీకు తెలియకుండానే రెండు రీక్యాప్‌లు రాయడం అలవాటవుతుంది, గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. మూడో పీరియడ్ చివర్లో స్కోరు సమం అయితే రెండూ చెత్తబుట్టలోకే.

ఇక సోమవారం సంగతి. శనివారం రాత్రి గోల్‌ని 24వ నంబరు ఆటగాడి పేరు మీద రాశామనుకోండి. ఆదివారం కోచ్ వీడియో చూస్తాడు. దూరం నుంచి కొట్టిన 24వ నంబరు షాటు మధ్యలో 14వ నంబరు కర్రకి తగిలి దిశ మారిందని మెయిల్ వస్తుంది. అంటే గోల్ 14దే, 24కి అసిస్ట్, అంటే అందించిన పేరు, మాత్రమే. ఒక గోల్‌కి రెండు అసిస్టుల దాకా ఇవ్వొచ్చు కాబట్టి, ఈ మార్పుతో మొదట రెండో అసిస్టు అందుకున్న మూడో ఆటగాడి పాయింట్ కూడా ఎగిరిపోవచ్చు. స్కోరు మారదు, ఎవరు గెలిచారన్నది మారదు. ముగ్గురి జీవితాల్లో మాత్రం అంకె మారుతుంది.

ఇలాంటి ఒక సవరణని నేను మా వెబ్‌సైట్లో మార్చి, కాన్ఫరెన్సుకి సరిచేసిన ఫైల్ పంపడం మర్చిపోయాను. మూడు వారాల పాటు ఒక కుర్రాడికి మా దగ్గర 11 పాయింట్లు, కాన్ఫరెన్సు పేజీలో 10. కనిపెట్టింది కోచ్ కాదు, మా బాసూ కాదు. ఆ కుర్రాడి అమ్మ. ఎంతో మర్యాదగా నాలుగు లైన్ల మెయిల్ రాసింది, కింద రెండు స్క్రీన్‌షాట్లు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఏ సవరణ వచ్చినా ఎన్ని చోట్ల మార్చాలో ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నాను.

ఈ కుర్చీకి వారానికి పదిహేను, ఇరవై గంటలు ఇట్టే పోతాయి. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీదున్నవాళ్లు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి చెయ్యకూడదు. మ్యాచ్ ఆలస్యమైనా, అది లెక్కలోకి వచ్చే గంటే. "ఈ ఒక్క శనివారం ఉండిపో" అని ఎవరైనా అంటే నవ్వుతూ టైమ్‌షీట్ చూపించడం నేర్చుకోవాలి. బదులుగా ఇక్కడ దొరికేది వేరే ఏ క్యాంపస్ ఉద్యోగంలోనూ లేదు. రాయడం, డేటా సరిచూడడం, రాత్రి పదకొండుకి కోపంగా ఉన్న మనిషితో ఫోన్లో మాట్లాడడం. నా మొదటి ఫుల్‌టైమ్ ఇంటర్వ్యూలో నా థీసిస్ గురించి ఒక్క ప్రశ్న అడిగారు, ఈ ఆఫీసు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు.

స్టూడెంట్ పేపర్

దీని గురించి తక్కువే చెబుతాను. ఇంగ్లీషులో వేగంగా రాయడం ఇష్టమైతే వెళ్లండి, లేకపోతే వద్దు. డబ్బు నామమాత్రం. ఒక్కోచోట అదీ ఉండదు. కానీ ఈ నలుగురిలో స్వేచ్ఛ ఉన్నది పేపర్ మనిషికే. ఆఫీసులో కూర్చున్నవాడు "మా జట్టు చేతకాక ఓడింది" అని రాయలేడు, అతనికి జీతం ఇచ్చేది ఆ జట్టు డిపార్ట్‌మెంటే. పేపర్ కుర్రాడు రాయగలడు, రాసి మర్నాడు అదే కోచ్ ముందు మైకు పట్టుకుని నిలబడగలడు కూడా. నేను నాలుగు మ్యాచ్‌లకి రాసి మానేశాను. ప్రెస్ కాన్ఫరెన్సులో ఓడిన గోలీని ప్రశ్న అడగాల్సి వచ్చినప్పుడు గొంతు పెగల్లేదు. ఇంకో సంగతి, రాసే ఫలితం సరిగ్గా ఉండాలంటే పేపర్ వాళ్లూ చివరికి స్టాట్ క్రూ కాగితం మీదే ఆధారపడాలి.

ఫలితాలు పోగుచేసే బల్ల

నాలుగోది బయటివాళ్లకి అసలు కనబడని పని. యూఎస్‌సీహెచ్ఓ అనే వెబ్‌సైట్ 1996 నుంచీ, ఆ తర్వాత కాలేజ్ హాకీ న్యూస్ లాంటివీ దేశంలోని అన్ని మ్యాచ్‌ల ఫలితాలనీ ఒక్క చోట చూపిస్తున్నాయి. చూసేవాడికి అది ఆటోమేటిక్‌గా వస్తున్నట్టే ఉంటుంది. చాలా వరకు అంతే కూడా. రాని చోట ఎవరో ఒకరు నిద్ర మానుకుని కూర్చుంటారు.

మా రూమ్మేట్ ఇక్కడే పుట్టి పెరిగిన గుంటూరు వాళ్లమ్మాయి, ఇలాంటి ఒక చిన్న బృందంలో రెండు సీజన్లు పనిచేసింది. శనివారం రాత్రి మా హాల్లో ఆమె ముందు రెండు స్క్రీన్లు, ఒక కాగితం. డివిజన్ 1లోనే పాతిక దాకా మ్యాచ్‌లుంటాయి, మహిళలవీ, డివిజన్ 3వీ కలిపితే ఇంకెన్నో. మొదటివి తూర్పు తీరంలో రాత్రి ఏడుకి మొదలవుతాయి. ఫెయిర్‌బ్యాంక్స్‌లో, అలాస్కాలో రాత్రి ఏడయ్యేసరికి బోస్టన్లో పదకొండు. ఆ మ్యాచ్ అయ్యేసరికి మాకు ఒంటిగంటన్నర. అప్పటికి ఇండియాలో ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. వాళ్ల అమ్మమ్మ వీడియో కాల్ చేసి "అన్నం తిన్నావా?" అనేది, ఈమె "అలాస్కా అయిపోనీ అమ్మమ్మా" అనేది. అలాస్కా అంటే ఏదో కూర అనుకుని ఉంటుంది పాపం ఆవిడ.

ఈ పనిలో తప్పులు ఎక్కడ పుడతాయో చెబితే, మీకిది నప్పుతుందో లేదో మీకే తెలుస్తుంది.

పేర్ల దగ్గర మొదలవుతాయి. హాకీ ఆడే మయామి ఫ్లోరిడాలో లేదు, ఒహాయోలో ఉంది. మిన్నెసోటా, మిన్నెసోటా స్టేట్, మిన్నెసోటా డులూత్ మూడు వేరువేరు జట్లు. అలాస్కా వేరు, అలాస్కా యాంకరేజ్ వేరు. ఇక ఆర్‌పీఐ అంటే ఒక కాలేజీ, న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలర్. ర్యాంకుల కోసం చాలా ఏళ్లు వాడిన లెక్క పేరూ ఆర్‌పీఐయే. "ఆర్‌పీఐ పడిపోయింది" అని మెసేజ్ వస్తే కాలేజీ ఓడిందా, ఎవరి అంకె తగ్గిందా అని ఒక క్షణం ఆగాలి.

తర్వాత షూటౌట్. అమెరికా ప్రొఫెషనల్ లీగులో షూటౌట్ గెలిచినవాడికి ఒక గోల్ కలిపి 4-3 అని రాస్తారు. కాలేజీలో అలా కాదు. ఓవర్‌టైమ్ తర్వాత 3-3 ఉంటే అధికారికంగా అది టై. షూటౌట్ గెలుపు కాన్ఫరెన్సు పట్టికలో అదనపు పాయింటుకే పనికొస్తుంది. టీవీలో చూసి 4-3 అని ఎక్కించేసే కుర్రాళ్లు ప్రతి సీజన్లోనూ ఉంటారు.

ఓవర్‌టైమ్ గెలుపుదీ అంతే ముఖ్యమైన గుర్తు. జాతీయ టోర్నమెంట్‌కి పురుషుల్లో 16 జట్లే వెళ్తాయి. ఆరు కాన్ఫరెన్సుల ఛాంపియన్లు పోగా మిగతా చోట్లన్నీ అంకెలతోనే నిర్ణయం. ఏళ్ల తరబడి దానికి వాడిన పెయిర్‌వైజ్ లెక్కలో, ముగ్గురేసి ఆడే ఓవర్‌టైమ్‌లో గెలిస్తే అది పూర్తి గెలుపు కాదు, 0.55 గెలుపు, 0.45 ఓటమి కింద వేసేవారు. ఇప్పుడు దాని చోటికి ఎన్‌పీఐ అనే ఇంకో లెక్క వచ్చింది. లెక్క ఏదైనా, స్కోరు పక్కన ఓవర్‌టైమ్ అన్న చిన్న గుర్తు పెట్టకపోతే ఒక జట్టుకి లేని బలం వచ్చిపడుతుంది.

అన్నిటికంటే తెలివైనవాళ్లని కూడా పడగొట్టేది ఏ మ్యాచ్ దేనికి చెల్లుతుందన్న ప్రశ్న. ఫిబ్రవరిలో మొదటి రెండు సోమవారాలు బోస్టన్లో బీన్‌పాట్ జరుగుతుంది. బోస్టన్ యూనివర్సిటీ, బోస్టన్ కాలేజ్, నార్త్‌ఈస్టర్న్, హార్వర్డ్ ఆడతాయి. మొదటి మూడూ హాకీ ఈస్ట్ అనే ఒకే కాన్ఫరెన్సువి. అయినా బీన్‌పాట్‌లో అవి తలపడితే కాన్ఫరెన్సు పట్టికలో చేరదు, సీజన్ రికార్డులో మాత్రం చేరుతుంది. కెనడా యూనివర్సిటీలతోనో, అమెరికా అండర్-18 జట్టుతోనో ఆడే ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు గెలుపోటముల్లో దేనికీ చేరవు. ఇవి ఏ బాక్స్ స్కోరు మీదా పెద్ద అక్షరాల్లో రాసి ఉండవు, మనకి ముందే తెలిసి ఉండాలి.

బాక్స్ స్కోరు చేతికి వచ్చాక రూమ్మేట్ చేసే తనిఖీ నాకు భలే నచ్చేది. మా చిట్టీల అత్తయ్య నెలాఖరు లెక్క చూసినట్టే. అతిథి జట్టు షాట్లు 31 అని ఉంది, గోల్స్ 4. అయితే ఇంటి గోలీ ఆపినవి 27 ఉండాలి. ఉన్నాయి, సరే. కానీ గోలీ పేరు పక్కన ఇచ్చిన గోల్స్ 3 అనే ఉన్నాయి. తప్పా? కాదు. చివరి నిమిషంలో గోలీని బయటికి పిలిచి ఇంకో ఆటగాణ్ని దింపారు, నాలుగో గోల్ ఖాళీ గోల్లో పడింది, అది ఏ గోలీ ఖాతాలోనూ పడదు. ఈ సంగతి తెలియనివాడు 31లోంచి 3 తీసేసి ఆపినవి 28 అని "సరిచేసి" ఉన్న నిజాన్ని పాడుచేస్తాడు. ఆమె ఒకసారి ఇలా సరిచేసినవాటిని మళ్లీ సరిచేస్తూ ఆదివారమంతా కూర్చుంది.

డివిజన్ 3 దగ్గరికి వచ్చేసరికి ఇంకో రకం కష్టం. అక్కడ స్టాట్ క్రూ, ఆఫీసు, ఫోటోగ్రాఫర్ అన్నీ ఒక్క మనిషే అయ్యే చోట్లున్నాయి. ఆ మనిషి ఇంటర్నెట్ పోతే ఫలితం రాదు. అప్పుడు రింకుకి ఫోన్ చేస్తే జాంబోనీ (మంచు నున్నగా చేసే బండి) నడిపే ఆయన ఎత్తి స్కోరు చెప్పిన రాత్రులున్నాయి.

ఇక్కడ వీసా సంగతి గట్టిగా చెప్పాలి. ఈ నాలుగో పని మామూలుగా యూనివర్సిటీది కాదు, బయటివాళ్లది. ఎఫ్-1 మీదున్నవాళ్లు అనుమతి లేకుండా బయట పని చెయ్యకూడదు, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చేసినా అంతే. "డబ్బు తీసుకోనులే, ఊరికే చేస్తా" అన్నా, మామూలుగా జీతం ఇచ్చే పనైతే ఇబ్బందే. ముందు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి. మా రూమ్మేట్‌కి ఈ బెడద లేదు, ఆమె సిటిజన్. ఇక్కడ పెరుగుతున్న మీ పిల్లల్లో లెక్కల పిచ్చీ, రాత్రి మేలుకునే అలవాటూ ఉన్నవాళ్లుంటే వాళ్లకి మాత్రం చెప్పండి.

మీ యూనివర్సిటీకి ఈ స్థాయి జట్టు లేదా? క్లబ్ జట్టు, అంటే విద్యార్థులే నడుపుకునేది, ఉందేమో చూడండి. అరిజోనా స్టేట్ కూడా 2015 దాకా క్లబ్ హాకీయే ఆడింది, 2022లో మల్లెట్ అరీనా కట్టుకుంది, ఇప్పుడు ఎన్‌సీహెచ్‌సీ కాన్ఫరెన్సులో ఉంది. క్లబ్బుల్లో లెక్కలు రాసేవాళ్ల కోసం నిజంగా వెతుకుతుంటారు, అనుభవం అడగరు. డబ్బు కూడా ఆశించకండి.

మరి ఏది?

జూనియర్‌కి నేను చెప్పింది ఇది: మొదటి సీజన్ స్టాట్ క్రూ, ఇంకేం ఆలోచించకు. ఆట తెలియకపోవడం అక్కడ లోపం కాదు. చిన్నప్పటి నుంచి ఈ ఆట చూసినవాడు పక్ వెంట కళ్లు పరిగెత్తించకుండా ఉండలేడు, తెలియనివాడికి చెప్పిన నంబర్లు చూడడం తేలిక. ఆరు మ్యాచ్‌లయ్యేసరికి ఆట అదే వస్తుంది. రెండో ఏడాది గంటలు కావాలనిపిస్తే ఆఫీసుకి మారొచ్చు, అప్పటికి అక్కడివాళ్లకి నీ ముఖం తెలిసి ఉంటుంది.

నేరుగా ఆఫీసుకి వెళ్లాల్సినవాళ్లు కూడా ఉన్నారు. ఇంగ్లీషు బాగా రాస్తారు, ప్రతి నెలా స్థిరంగా డబ్బు కావాలి, చదువులో థీసిస్ లేదు, కోర్సులు మాత్రమే. అలాంటివాళ్లు క్రూలో ఒక ఏడాది పోగొట్టుకోనక్కర్లేదు. ఒక్క షరతు: నెలకోసారైనా ల్యాప్‌టాప్ మూసేసి కింద క్రూ పక్కన కూర్చోండి. కాగితం మీద 12:18 అని ఉన్నది బోర్డు మీద ఎలా కనబడిందో తెలియని మనిషి దాన్ని సరిదిద్దలేడు.

తప్పు జరిగితే రాత్రి నిద్రపట్టని స్వభావమా? అయితే పోగుచేసే బల్ల జోలికి వెళ్లొద్దు. అక్కడ తప్పులు జరుగుతాయి, జరిగినవి వందలమంది చూస్తారు, సరిచేస్తే ఎవరూ చూడరు. మా రూమ్మేట్ దాన్ని నవ్వుతూ తీసుకునేది. నేనైతే ఆ అమ్మ రాసిన ఒక్క మెయిల్‌నే ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్లై చేసే టైము సంగతి. సీజన్ అక్టోబరు మొదట్లో మొదలైనా మనుషుల్ని తీసుకునేది ఆగస్టు చివర్లో, సెప్టెంబరులో. పోస్టింగ్ కనబడలేదని ఆగకండి. అథ్లెటిక్స్ వెబ్‌సైట్‌లో స్టాఫ్ డైరెక్టరీ ఉంటుంది, అందులో హాకీకి కమ్యూనికేషన్స్ చూసే మనిషి పేరు ఉంటుంది. ఐదు లైన్ల మెయిల్ చాలు: ఏ శుక్ర, శనివారాలు ఖాళీగా ఉంటారో, హాకీ తెలియదనీ, ఊళ్లో క్రికెట్ స్కోరు రాశారనుకోండి, అదీ. నా మెయిల్లో ఆ చివరి ముక్క చదివే పిలిచామని తర్వాత చెప్పారు. ఇంటర్వ్యూలో మూడు అడగండి. క్రూలో ఎంతమంది ఉంటారు? మహిళల మ్యాచ్‌లకీ అదే క్రూనా? థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవుల్లో మ్యాచ్‌లుంటే డార్మ్ తెరిచి ఉంచుతారా? ఈ మూడోది అడగక, డిసెంబరు చివర్లో నేను వారం రోజులు ఫ్రెండ్ వాళ్ల సోఫా మీద పడుకున్నాను.

థర్మల్స్ కొనుక్కోండి. బయటి చలికి కోటు చాలు, లోపల మూడు గంటలు కదలకుండా కూర్చునే చలి వేరు. వేళ్లు తెగిన గ్లవ్స్ తీసుకోండి, మామూలు గ్లవ్స్‌తో పెన్ను పట్టుకోలేరు. పెన్ను కాదు, పెన్సిలే తీసుకెళ్లండి, చలికి పెన్నులో ఇంకు మొరాయిస్తుంది. జూనియర్ మొదటి మ్యాచ్‌కి బాల్ పెన్ తీసుకెళ్లి రెండో పీరియడ్‌కల్లా పక్కవాళ్లని పెన్సిల్ అడుక్కున్నాడట. ఆ రాత్రి మెసేజ్ పెట్టాడు: "అక్కా, ఎనిమిది గోల్స్ పడ్డాయి. ఒక్కటీ చూళ్లేదు. నంబర్లు మాత్రం అన్నీ కరెక్ట్."